పొలానికీ ఒక ఖాతా: సీతాకోకచిలుకల లెక్క, వానపాముల లెక్క

రుణం కోసం బ్యాంకు గడప తొక్కిన రైతును అధికారి అడిగే ప్రశ్నలు పాఠకులందరికీ తెలిసినవే. భూమి ఎన్ని ఎకరాలు? ఏ పంట వేయదలచినారు? నీటి వసతి ఏమిటి? పాత బాకీ ఎంత? ఈ ప్రశ్నల వరుసలో ఒక ప్రశ్న మాత్రం ఎన్నడూ వినిపించదు. మీ పొలంలో అడుగు లోతు తవ్వితే ఎన్ని వానపాములు కనిపిస్తాయి? మీ గట్టు మీద ఎండపొద్దున ఎన్ని సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయి? ఈ మాట విని కొందరు నవ్వవచ్చును. కాని, రైతు సోదరులారా, భూమి అసలు, పంట వడ్డీ అనే సంగతిని మనస్సులో నిలుపుకొన్నట్లయితే ఈ ప్రశ్న నవ్వులాటది కాదని తెలియగలదు. వడ్డీ ప్రతి సంవత్సరం చేతికి వస్తున్నదో లేదో అందరూ చూస్తారు. అసలు తరుగుతున్నదో పెరుగుతున్నదో చూచేవారు అరుదు. ఆ అసలును ఖర్చులేకుండా, పరికరాలు లేకుండా, ప్రతి రైతూ స్వయంగా లెక్కించుకొనే పద్ధతిని ఈ పాఠంలో వివరిస్తున్నాము.

సూరత్ నుండి తెలుగు నేలకు

గుజరాత్ రాష్ట్రం సూరత్ జిల్లాలోని పల్సానా తాలూకాలో జోల్వా అనే ఊరు ఉన్నది. ఉకాయ్–కాక్రాపార్ కాలువల నీటితో చెరకు, వరి పండే ప్రాంతమది. ఆ పొలాల మధ్యనే నేత మిల్లులు, అద్దకపు మిల్లులు వెలసినవి. సూరత్ ప్రాంతపు మగ్గాలపై పనిచేసే వారిలో తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన తెలుగు నేత కుటుంబాలు ఎన్నో కలవు. స్వగ్రామంలో రెండు మూడు ఎకరాలు కౌలుకిచ్చి అక్కడ స్థిరపడినవారు ఈ పత్రిక పాఠకులలోనూ ఉండవచ్చును.

మగ్గమే కాక సూరత్‌కూ తెలుగు రైతుకూ మరొక బంధం ఏర్పడినది. అది పత్తి విత్తనపు బంధం. సూరత్‌లోని పత్తి పరిశోధనా కేంద్రంలో డాక్టర్ సి.టి. పటేల్ రూపొందించిన ‘హైబ్రిడ్–4’ రకం 1970లో విడుదలయినది. ప్రపంచంలో వాణిజ్యస్థాయిలో సాగయిన మొదటి సంకర పత్తి అదే. ఆ తరువాత సంకర పత్తి సాగు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలోనూ, అనంతరం వరంగల్, ఖమ్మం జిల్లాలలోనూ విస్తరించినది. దిగుబడి పెరిగినది. దానితోపాటు ఎరువుల ఖర్చు, పురుగుమందుల ఖర్చు, వాటి కోసం చేసే అప్పు కూడా పెరిగినవి.

1980వ దశకంలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల వాడుక విపరీతమయినది. మొదట పురుగు రాలినది. తరువాత తెల్లదోమ పత్తి చేలను ముంచెత్తినది. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటినీ కలవరపరచినవి. మళ్ళీ 1997–98లో వరంగల్ జిల్లాలో లద్దెపురుగు విజృంభించినది. ఎన్ని మందులు మార్చి కొట్టినా పురుగు చావలేదు. పంట పోయినది, అప్పు మిగిలినది, ఎన్నో కుటుంబాలు ఇంటి పెద్దను కోల్పోయినవి.

ఇందుకు కారణాలు అనేకం. వర్షాలు, ధరలు, నకిలీ మందులు, వడ్డీ వ్యాపారం అన్నింటికీ ఇందులో పాత్ర ఉన్నది. అయితే పొలం లోపల జరిగినది మాత్రం స్పష్టమే. విచక్షణ లేకుండా కొట్టిన మందు శత్రుపురుగుకంటె ముందుగా మిత్రపురుగులను చంపినది. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్ళు, పురుగు గుడ్లపై బ్రతికే సన్నని ట్రైకోగ్రామా కందిరీగలు నశించినవి. మందుకు తట్టుకొన్న శత్రుపురుగు మాత్రం అడ్డు లేకుండా వృద్ధి పొందినది. ఈ మార్పును ఏ రైతూ ముందుగా గమనించలేకపోయినాడు. ఎందువలననగా పొలంలోని జీవరాశికి ఎవరూ లెక్క వ్రాయలేదు.

2002లో బీటీ పత్తికి అనుమతి లభించినది. 2006లో రెండు జన్యువులు గల బీటీ పత్తి వచ్చినది. కొన్ని సంవత్సరాలు పచ్చపురుగు మందుల ఖర్చు తగ్గినమాట వాస్తవం. కాని గులాబీరంగు పురుగు మొదటి తరం బీటీకి తట్టుకొనుచున్నదని గుజరాత్‌లోని నాలుగు జిల్లాల నుండి 2010లో ప్రకటన వెలువడినది. తరువాత రెండు జన్యువుల పత్తిని కూడా ఆ పురుగు జయించినది. విత్తనం మారినా, మందు మారినా, లెక్క లేని సేద్యం మళ్ళీ అదే మలుపుకు చేరుతుందనుటకు ఇది నిదర్శనం.

సీతాకోకచిలుకనే ఎందుకు లెక్కించవలెను?

“చిలుక పెరిగితే దాని పురుగు పంటను తినదా?” అని రైతులు అడుగుట సహజం. పత్తిని నాశనం చేసే పచ్చపురుగు, లద్దెపురుగు, గులాబీరంగు పురుగు సీతాకోకచిలుకల పిల్లలు కావు. అవి రాత్రిపూట ఎగిరే రెక్కల పురుగుల సంతానం. పగటిపూట ఎగిరే సీతాకోకచిలుకలలో అత్యధికం గట్టుమీది మొక్కలపైనే గ్రుడ్లు పెడతాయి. నారింజరంగు రెక్కలకు నల్లని అంచు గల చిలుక జిల్లేడుపైన, చిన్న పసుపురంగు చిలుకలు కసివింద వంటి మొక్కలపైన పెరుగుతాయి. పంటకు హాని చేసేవి లేకపోలేదు. నలుపుపై పసుపు మచ్చలు గల చిలుక పిల్లలు నిమ్మ నారును తింటాయి. ఒక చిన్న నీలిరంగు చిలుక పురుగు కంది, అలసంద కాయలను తొలుస్తుంది. అవి కొన్ని మాత్రమే.

సీతాకోకచిలుకను మనం లెక్కించేది అందం కోసం కాదు, అది సూచిక గనుక. మొదటిది, అది పగలు తిరుగుతుంది, కంటికి కనబడుతుంది. రెండవది, దాని తరం కొద్ది వారాలలో మారుతుంది. కనుక ఈ నెల జరిగిన మేలుకీడులు వచ్చే నెల లెక్కలో తెలుస్తాయి. మూడవది, దానికి పిల్లదశలో ఒక మొక్క, రెక్కలు వచ్చిన తరువాత పూలతేనె కావలెను. గట్టుమీద మొక్కలు పోయినా, పూలు పోయినా, మందు గాలికి వచ్చి పడినా దాని సంఖ్య తగ్గుతుంది. మిత్రపురుగులకు, తేనెటీగలకు కావలసిన ఆశ్రయం కూడా చాలవరకు అదే గట్టు.

ఇతర దేశాలలో ఈ లెక్క ఎంతో కాలంగా జరుగుతున్నది. బ్రిటన్‌లో 1976 నుండి నిర్ణీత మార్గాలలో నడచి సీతాకోకచిలుకలను లెక్కించి వ్రాస్తున్నారు. అదే దేశంలో కలుపుమందుకు తట్టుకొనే జన్యుమార్పిడి పంటలను రైతుల పొలాల్లోనే, ఒక్కొక్క పొలాన్ని రెండుగా చీల్చి, సాధారణ పంటతో పోల్చి పరీక్షించినారు. 2003లో ఫలితాలు వెలువడినవి. బీటు దుంప, ఆవజాతి పంటలలో జన్యుమార్పిడి పంట వేసిన సగంలో కలుపు పూలు తగ్గి సీతాకోకచిలుకలు తగ్గినవి. మొక్కజొన్నలో మాత్రం పరిస్థితి వేరుగా ఉండి కలుపు మొక్కలు ఎక్కువ మిగిలినవి. నేలలో కుళ్ళిన ఆకును తినే స్ప్రింగ్‌టెయిల్ అనే సూక్ష్మ కీటకాలు, ఎండిన కలుపు దొరికినందున, కొంత పెరిగినవి. పైన తగ్గి క్రింద పెరుగుట కూడా సంభవమేనని దీనివలన తెలిసినది. కనుక గట్టుపైన లెక్క, మట్టిలో లెక్క, రెండూ కావలెను. ఒక్క లెక్కతో తీర్పు చెప్పరాదు.

మట్టిలోని కూలీలు

వానపాము మట్టిని మ్రింగి, విసర్జించి, బొరియలు చేసి, నీరు, గాలి లోనికి పోవుటకు దారి కల్పిస్తుంది. చార్లెస్ డార్విన్ వంటి మహాశాస్త్రజ్ఞుడు 1881లో వానపాములపైననే ఒక గ్రంథం ప్రకటించినాడు. వానపాములతోపాటు రోకలిబండలు, పేడపురుగులు, చీమలు, కంటికి కానరాని శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు మట్టిలో ఎడతెగక పనిచేసే కూలీలు. వీటికి కూలి డబ్బు అక్కరలేదు. ఆకు, అలము, పేడ, తేమ చాలును.

కార్బోఫ్యూరాన్ వంటి గుళికలు వానపాములకు మిక్కిలి విషం. చెరకు ఆకును, వరి గడ్డిని తగులబెట్టుట, పశువుల ఎరువు మానివేయుట, ఏళ్ళ తరబడి ఒకే పంట వేయుట నేల జీవరాశిని క్షీణింపజేస్తాయి. 2015 నుండి అమలులో ఉన్న భూసార పరీక్షా పత్రంలో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక మొదలైనవి అందులో వస్తాయి. జీవరాశి లెక్క అందులో లేదు. దానికి దగ్గరగా వచ్చేది సేంద్రియ కర్బనం ఒక్కటే. అది 0.5 శాతానికి లోపుగా ఉన్నచో తక్కువగా పరిగణిస్తారు. మీ పత్రంలో ఆ అంకె చూచి ఈ క్రింది లెక్కతో కలిపి వ్రాసికొనవలెను.

లెక్కించు విధానం

1. గట్టు నడక: పొలం చుట్టూ 250 అంగల దారిని ఎంచుకొనవలెను. ప్రతిసారీ అదే దారి. ఎండ కాసి, గాలి ఎక్కువ లేని రోజున, ఉదయం 9 నుండి 11 గంటల మధ్య, పదిహేను రోజులకొకసారి మెల్లగా నడవవలెను. ఇరువైపులా ఎనిమిది అడుగుల మేర, ముందువైపు పదహారు అడుగుల మేర కనబడిన చిలుకలను మాత్రమే లెక్కించవలెను. పేర్లు తెలియనక్కరలేదు. తెల్లవి, పసుపువి, చిన్న నీలివి, నారింజవి, గోధుమరంగువి, నల్లవి అని ఆరు గడులు చాలును. పట్టుకొనుట, చంపుట అవసరం లేదు. ఇంటిలోని బడిపిల్లలు ఈ పనిని పెద్దలకంటె చక్కగా చేయగలరు. మందు కొట్టిన రోజున, ఆ మరునాడు పిల్లలను పొలంలోనికి పంపరాదు.

2. మట్టి గుంట: వానలు కురిసి నేల తేమగా ఉన్నప్పుడు, సంవత్సరానికి రెండు సార్లు, పొలంలో మూడు చోట్ల అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తీయవలెను. మట్టిని తెల్లగుడ్డపై పోసి వానపాములను, ఇతర జీవులను లెక్కించి, తిరిగి గుంటలోనే వదలవలెను. ఎండాకాలంలో వానపాములు లోతుకు పోతాయి గనుక అప్పటి లెక్క చెల్లదు. వేరుపురుగు వంటి శత్రువులను వేరుగా వ్రాయవలెను. తేళ్ళు, జెర్రులు ఉండవచ్చును గనుక ఒట్టి చేతులతో మట్టిని కెలకరాదు.

3. వేరు బుడిపెలు: వేరుశనగ, కంది, పెసర పూతదశలో ఒకటి రెండు మొక్కలను నేర్పుగా పెకలించి వేళ్ళపై బుడిపెలను కోసి చూడవలెను. లోపల గులాబీ రంగు ఉన్నచో నత్రజనిని స్థిరపరచే సూక్ష్మజీవులు చక్కగా పనిచేస్తున్నట్లు గుర్తు.

4. నూలుగుడ్డ పరీక్ష: జానెడు చదరం గల స్వచ్ఛమైన నూలుగుడ్డను అరడుగు లోతున పాతి గుర్తుగా కర్ర నాటవలెను. అరవై రోజుల తరువాత తీసి చూడవలెను. గుడ్డ చీకి, చిల్లులు పడి ఉన్నచో సూక్ష్మజీవులు చురుకుగా ఉన్నట్లు లెక్క. పాతిపెట్టినది పాతిపెట్టినట్లే వచ్చినచో ఆలోచించవలసి ఉన్నది. జోల్వా, సూరత్ మిల్లుల చీర ముక్క ఇందుకు పనికిరాదు. అక్కడ ప్రధానంగా తయారయ్యే కృత్రిమ నారబట్ట ఏ నేలలోనైనా చీకదు.

ఈ నాలుగింటిలోనూ పోలిక ముఖ్యం. మందు ఎక్కువ వాడే మడి ఒకటి, తక్కువ వాడే మడి ఒకటి ఎంచుకొని రెండింటిలోనూ లెక్కించవలెను. రెండవ మడి లేనిచో చెరువు కట్టనో, బీడునో పోలికకు తీసుకొనవచ్చును. వానలు కురిసిన తరువాత చిలుకలు సహజంగానే పెరుగుతాయి గనుక ఆగస్టు లెక్కను ఏప్రిల్ లెక్కతో పోల్చరాదు. ఈ సంవత్సరపు ఆగస్టును నిరుటి ఆగస్టుతో పోల్చవలెను. ఒక్క ఏటి లెక్కను చూచి నిర్ణయానికి రాకూడదు. కరువు ఏడాదిలో అందరి లెక్కలూ తగ్గుతాయి. మూడేళ్ళ లెక్క దిశను తెలుపుతుంది.

లెక్క అప్పును ఎట్లు తగ్గించును?

జీవరాశి లెక్క వ్రాసే రైతుకు పురుగు లెక్క కూడా అలవాటగును. అసలు లాభం అక్కడనే ఉన్నది. ఉదాహరణకు, గులాబీరంగు పురుగుకు ఎకరానికి రెండు లింగాకర్షక బుట్టలు పెట్టి, ఒక్కొక్క బుట్టలో రాత్రికి ఎనిమిది రెక్కల పురుగులు వరుసగా మూడు రాత్రులు పడినప్పుడు గాని, పది పూలలో లేక కాయలలో ఒకదానికి పురుగు సోకినప్పుడు గాని మందు సంగతి ఆలోచించవలెనని శాస్త్రజ్ఞుల సలహా. అంతకు లోపుగా ఉన్నచో కొట్టిన మందు దండుగ.

ఒక లెక్క వేద్దాము. మూడు ఎకరాల పత్తికి ఒక్క తడవ మందుకు, కూలితో కలిపి, ఎకరాకు 1,200 రూపాయలు అగునని అనుకొందాము. ఒక్క తడవకు 3,600 రూపాయలు. ఏడు తడవలకు 25,200 రూపాయలు. బుట్టలు చూచి, చేను తిరిగి నాలుగు తడవలతో సరిపెట్టినచో 14,400 రూపాయలు. మిగులు 10,800 రూపాయలు. నూటికి ఏటా 7 రూపాయల చొప్పున ఆ మొత్తంపై తప్పిన వడ్డీయే 756 రూపాయలు. ఇది ఊహించిన లెక్కయే. మీ బిల్లులతో మీ లెక్క వేసికొనవలెను. ఖర్చు తగ్గిన మడిలో గట్టు చిలుకల సంఖ్య ఎట్లున్నదో ప్రక్క గడిలో వ్రాసినచో రెండు పద్దులూ ఒకే పుటలో కనబడగలవు.

ఇది జరుగగలదా అని సందేహించేవారికి మన నేలపైననే ఉదాహరణ ఉన్నది. నాటి ఖమ్మం జిల్లా, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పునుకుల గ్రామం పత్తి, మిరప పండించే ఊరు. అక్కడి రైతులు మందును డీలరు వద్ద అరువుకు తెచ్చి, పంటను అతనికే అమ్మవలసిన స్థితిలో ఉండేవారు. స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో కొద్దిమంది రైతులు మందు మాని చూచినారు. వేసవి దుక్కులు, లింగాకర్షక బుట్టలు, ఎరపంటగా ఆముదం, బంతి, పక్షులు వాలుటకు కర్రలు, వేపగింజల కషాయం మొదలైనవి అనుసరించినారు. అన్నింటికీ మూలం ప్రతిరోజు చేను తిరిగి చూచుట. క్రమంగా ఊరంతా అదే బాటలో నడచి, 2004 నాటికి రసాయన పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకొన్నది. ఆ అనుభవాన్ని మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా ఇతర జిల్లాలకు విస్తరింపజేసినారు. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా ప్రారంభించిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి కూడా ఈ అనుభవం పునాదులలో ఒకటి.

అందరూ ఒక్క ఏడాదిలో మందు మానవలెనని మా ఉద్దేశం కాదు. పురుగు ఉధృతి హద్దు మీరినప్పుడు, సిఫారసు చేసిన మందును, సిఫారసు చేసిన మోతాదులో, గాలివాటు చూచి, గట్టును వదలి కొట్టవలసినదే. ముందు లెక్క చూచి, తరువాత మందు కొనవలెనని మాత్రమే చెప్పుచున్నాము.

డీలరు మిత్రులకు

రైతు తొందరలో వచ్చి “ఏదైనా గట్టి మందు ఇవ్వండి” అని అడుగుట మీకు నిత్యానుభవం. ఆ సమయంలో మీరు అడిగే ఒక్క ప్రశ్న, “బుట్టలో ఎన్ని పడినవి?” అన్నది, ఆ రైతుకు ఒక తడవ ఖర్చు మిగల్చవచ్చును. అందువలన మీ అమ్మకం కొంత తగ్గవచ్చును. కాని అప్పులో మునిగిన రైతు వద్ద అరువు వసూలు కాదని మీకు తెలియనిది కాదు. నిలకడగా బాకీ చెల్లించగల రైతే మీ దుకాణానికి నిజమైన పెట్టుబడి.

డబ్బాపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు విషతీవ్రతను వరుసగా తెలుపుతాయని రైతుకు వివరించవలెను. అయితే ఆ రంగు మనిషికి గల ప్రమాదాన్ని బట్టి నిర్ణయించినదే గాని తేనెటీగకు, వానపాముకు గల ప్రమాదాన్ని బట్టి కాదని గుర్తించవలెను. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే అలవాటు మానవలెను. నిషేధించిన మందులను నిల్వ ఉంచరాదు. ఎండోసల్ఫాన్ 2011లోనే సుప్రీంకోర్టు ఉత్తర్వుతో నిలిచిపోయినది. ఫోరేట్ గుళికలపై నిషేధం 2020 చివరినుండి అమలులోనికి వచ్చినది. అనుమతి లేని కలుపుమందు తట్టుకొనే పత్తి విత్తనాన్ని అమ్ముట చట్టరీత్యా నేరం. దానివలన గట్టు పూలన్నీ ఒక్కసారిగా పోయే ప్రమాదం కూడా ఉన్నది. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో ఇన్‌పుట్ డీలర్ల కొరకు ఏడాది డిప్లొమా కోర్సును ఆరంభించినది. అందులో చేరినవారు ఈ విషయాలను క్షుణ్ణంగా నేర్చుకొనగలరు.

ఈ పక్షం చేయవలసిన పనులు

ఒక పాత నోటుబుక్కు తీసి ప్రతి పుటనూ ఐదు గడులుగా గీయవలెను: తేదీ, చిలుకల సంఖ్య, వానపాముల సంఖ్య, కొట్టిన మందు పేరు, దాని ఖర్చు. గట్టు మీద 250 అంగల దారికి రెండు చివరల రాళ్ళు నాటవలెను. ఒక మడిలో నూలుగుడ్డ పాతి, తవ్వి చూడవలసిన తేదీని క్యాలెండరుపై గుర్తించవలెను. గట్టున ఒక మూల జిల్లేడును, కసివిందను, గడ్డిచేమంతిని పీకకుండా వదలవలెను. పొలం కౌలుకిచ్చి జోల్వా వంటి దూరప్రాంతంలో ఉన్నవారు, పండుగకు ఊరు వచ్చినప్పుడు కౌలు డబ్బుతోపాటు ఈ పుస్తకాన్ని కూడా చూపించమని కౌలుదారును అడుగవలెను. కౌలు ఒక ఏటిది. పొలం మీ పిల్లలది.

మరుసటిసారి రుణం కోసం బ్యాంకుకు వచ్చునపుడు పాసు పుస్తకంతోపాటు ఈ నోటుబుక్కును కూడా వెంట తెచ్చి అధికారికి చూపండి. పురుగుమందుల పద్దుకు మీరు అడిగే మొత్తం ఎందుకు తగ్గినదో, ఎందుకు పెరిగినదో దానిని చూచి వివరించగలరు. అధికారి అడిగినా అడుగకపోయినా, అసలు ఎంత మిగిలినదో మీకు తెలిసి ఉండుట అవసరం.